కాటన్ దొర కాగితాలు

ఈ ఏటి సావనీర్‌కి పర్యావరణం మీద ఏదైనా రాయమని యూనియన్ కుర్రాళ్ళు మూడుసార్లు వచ్చి అడిగారు. నేను చరిత్ర చెప్పుకునేవాణ్ణి. గాలి గురించి, నీటి గురించి సైన్సు వాళ్ళు రాస్తే అందం. నాకు తెలిసిందల్లా పాత కాగితాలు. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, చదివినవాడు ఏం చేశాడు, ఇంతవరకే నా విద్య. అందుకని అందరికీ తెలిసిన మనిషి కథే ఆ కాగితాల వైపు నుంచి చెబుతాను. సర్ ఆర్థర్ కాటన్ జీవితం మీకు కొత్తేం కాదు. కాకపోతే నేను ఈ కథ మళ్ళీ మొదటినుంచి చదువుకోవలసి వచ్చింది. దానికో కారణం ఉంది.

మాది కొవ్వూరు. మా చిన్నతనంలో తాతయ్య వెంట గోష్పాద రేవుకి స్నానానికి వెళ్ళేవాణ్ణి. తాతయ్య మొలలోతు నీళ్ళలో నిలబడి సంకల్పం చెప్పుకుని, పితృదేవతలకు నీళ్ళు వదిలి, చివర్లో కాటన్ దొర పేరు కూడా తలచుకుని ఒక దోసెడు వదిలేవాడు. గోదావరి జిల్లాల్లో ఇలా చేసిన పెద్దలు చాలామంది ఉండేవారని మీరూ వినే ఉంటారు. విచిత్రమేమిటంటే మా తాతయ్యకి కాటన్ కాలవ కింద ఒక్క సెంటు భూమి లేదు. మా పొలాలు మెట్టలో, పొగాకు, జొన్న పండే ఎర్రనేలల్లో ఉండేవి. కొవ్వూరు ఆనకట్టకి ఎగువన ఉంది. పశ్చిమ డెల్టా కాలవ మాకు దిగువన విజ్జేశ్వరం దగ్గర బయలుదేరి నిడదవోలు వైపు పోతుంది. గోదావరి మా గుమ్మం ముందు నుంచే వెళుతున్నా మా చేలు వానకోసం ఆకాశం వంక చూసేవి. అయినా దోసెడు నీళ్ళు వదిలేవాడు తాతయ్య. తిండిగింజలు దిగువనుంచే గదా రావాలి!

కిందటేడు క్లాసులో ఆనకట్ట పాఠం చెబుతూ, అలవాటు కొద్దీ కాటన్‌ని ఆకాశానికెత్తేశాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, ఆనకట్ట కట్టేటప్పుడు ఏటి ఒడ్డు జనాన్ని ఎవరైనా అడిగారా మాస్టారూ అన్నాడు. వాడిది పాపికొండల దిగువన, పోలవరం ప్రాజెక్టు నీటిలో మునిగిన ఊరు. ఇప్పుడు వాళ్ళు కాలనీ ఇళ్ళలో ఉంటున్నారు. నా దగ్గర జవాబు లేదు. వచ్చేవారం చెబుతానని తప్పించుకున్నాను. ఆ వచ్చేవారం ఇప్పటికి వచ్చింది.

కాటన్ 1803 మే 15న ఇంగ్లాండులో పుట్టారు. పెద్ద కుటుంబం, పదకొండుమంది కొడుకుల్లో ఆయన పదోవాడు. అలాంటి ఇంట్లో కింది పిల్లలకి ఆస్తి దక్కదు, ఉద్యోగం వెతుక్కోవాలి. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కంబ్ సైనిక పాఠశాలలో చేరి, 1821లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చిన్న అధికారిగా ఇక్కడికి వచ్చారు. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశారు. ఆ సంగతులన్నీ వదిలేద్దాం. ఆయన్ని మనకు కావలసిన మనిషిగా చేసింది కావేరి.

తంజావూరు సీమలో కొల్లిడం పాయ కావేరి నీటిని లాగేసుకుంటోంది. డెల్టా ఎండిపోతోంది. దాన్ని ఎలా ఆపాలో తెలుసుకోవడానికి కాటన్ పాత కల్లణైని పరీక్షగా చూశారు. చోళుల నాటి కట్టడం అది, కరికాలుడు కట్టాడని ప్రతీతి. అడుగున రాతినేల లేదు, ఉన్నదంతా ఇసుకే. ఇసుక మీద కట్టడం నిలుస్తుందా? ఇంగ్లీషు ఇంజనీర్లకు అది నమ్మశక్యం కాని సంగతి. రాళ్ళు పోస్తే కొంత కుంగుతాయి, కుంగిన మేర మళ్ళీ పోస్తే ఒకచోట నిలుస్తాయి, ఆ పైన కట్టుకోవచ్చు. పేరు తెలియని మన తాతలు కనిపెట్టిన ఈ రహస్యాన్ని ఆయన నేర్చుకున్నారు, నేర్చుకున్నానని దాచకుండా ఒప్పుకున్నారు. 1836లో కొల్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు రెండూ లేచాయి. తంజావూరు కోలుకుంది. శిస్తు పెరిగింది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తరువాత ఆరోగ్యం చెడి కొన్నాళ్ళు ఆస్ట్రేలియా వైపు వెళ్ళారు. 1841లో ఎలిజబెత్ లెర్మంత్‌ని పెళ్ళి చేసుకున్నారు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో ఉద్యోగం, అక్కడినుంచి గోదావరి.

అప్పటి రాజమండ్రి జిల్లా అంటే నదికి రెండు ఒడ్లూ కలిసి ఒకటే జిల్లా. (మా కొవ్వూరు అప్పుడు రాజమండ్రి జిల్లా, తరువాత గోదావరి జిల్లా, 1925 నుంచి దాదాపు వందేళ్ళు పశ్చిమ గోదావరి, 2022 నుంచి తూర్పు గోదావరి. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లాలే మారుతున్నాయి. ఇదీ కాగితాల మహిమే.) 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమలో ఐదు లక్షల జనాభాలో లక్షన్నరకు పైగా పోయారంటారు. గోదావరి పక్కన ఉండి కూడా ఈ జిల్లా వాళ్ళు అదే కరువులో మాడారు. 1839లో కోరింగ తీరాన్ని ఉప్పెన ముంచేసింది. ఈ దెబ్బలు చాలనట్టు 1833 చట్టంతో కంపెనీ వర్తకం మానుకుంది, బట్టల కొనుగోళ్ళు పోయి నేతగాళ్ళు వీధిన పడ్డారు. జనాభా లెక్కలు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉన్న జిల్లా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగింది. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేరు. కొందరు చచ్చిపోయారు, కొందరు లేచిపోయారు.

మరి ప్రభుత్వం ఎప్పుడు కదిలింది? జనం చచ్చినప్పుడు కాదు, శిస్తు పడిపోయినప్పుడు. రాబడి ఎందుకు తగ్గుతోందో కనుక్కోమని మద్రాసు ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గమరీని పంపింది. 1844లో ఆయన ఇచ్చిన నివేదికలో జమీందారీ ఏర్పాట్లలోని లోపాలు, నీటిపారుదలను గాలికొదిలేయడం అన్నీ ఉన్నాయి. ఈ జిల్లాని నిలబెట్టాలంటే నదిని వాడుకోవాలని ఆయన తేల్చారు. ఇక ఆ నదిని ఎలా వాడుకోవాలో చెప్పడం కాటన్ వంతు.

1844, 45 సంవత్సరాల్లో కాటన్ గుర్రం మీద, పడవ మీద ఈ డెల్టా అంతా తిరిగారు. గోదావరి కొండలు దాటి మైదానంలో పడ్డాక వేల ఏళ్ళుగా తన ఒండ్రుతో తానే గట్లు పోసుకుంటూ వచ్చింది. అందువల్ల నది ఒడ్డు ఎత్తుగా, దూరం పోయేకొద్దీ నేల పల్లంగా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టాన్ని కొద్ది అడుగులు పైకి లేపగలిగితే చాలు, ఏ యంత్రమూ లేకుండా నీరు దానంతటదే సముద్రం దాకా పల్లాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఇది ఇంజనీరు చూసిన సంగతి. దీన్ని కాగితం మీద ఎలా పెట్టారన్నది నాకు అంతకన్నా ఆసక్తి.

ఆ కాగితం ఎక్కడెక్కడికి పోవాలో ఒకసారి చూడండి. కలెక్టరు దాటి మద్రాసులో రెవెన్యూ బోర్డుకి పోవాలి. అక్కడినుంచి గవర్నరు కౌన్సిలుకి. గవర్నరు మార్క్విస్ ట్వీడ్‌డేల్ కాటన్ పక్షాన నిలిచారు. అయితే ఖర్చు పెద్దది కనక ఆయన ఒక్కడివల్ల కాదు. కాగితాలు ఓడెక్కి లండన్‌లో లెడెన్‌హాల్ వీధిలో కంపెనీ డైరెక్టర్ల బల్ల మీదికి చేరాలి. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో విజ్జేశ్వరం ఎటుందో తెలిసినవాడు ఎవడుంటాడు? వాళ్ళు వాటాదార్లకు జవాబు చెప్పుకోవలసిన వర్తకులు. కాటన్‌కి ఈ సంగతి బాగా తెలుసు. ఆయన మనసులో కరువు ఉంది, అందులో సందేహం లేదు. కాగితం మీద మాత్రం తంజావూరుని పెట్టారు. ఆనకట్టలున్న తంజావూరు ఇంత శిస్తు ఇస్తోంది, అంతకన్నా పెద్ద నది, మంచి నేల ఉన్న రాజమండ్రి ఇంతే ఇస్తోంది, ఈ తేడా అంతా మీరు ఏటేటా సముద్రంలో పారబోస్తున్న సొమ్ము అన్నట్టుగా లెక్క కట్టి చూపించారు. చావుల లెక్క బల్ల మీద పెడితే జాలిపడి పక్కన పెట్టేవారు. నష్టం లెక్క పెట్టేసరికి చదివారు. 1846 చివర్లో అనుమతి వచ్చింది.

దీన్ని తప్పు పట్టాలా, మెచ్చుకోవాలా? నేను చాలా రోజులు ఆలోచించాను. చదివేవాడి భాషలో రాయడం నేరం కాదు, కాటన్ అలా రాయకపోతే ఈ జిల్లాల్లో ఇంకో కరువు వచ్చేదాకా ఆ కాగితం మద్రాసు బీరువాలోనే ఉండేది. కానీ ఒకటి గమనించండి. శిస్తు భాషలో రాసిన కాగితంలో శిస్తు కట్టేవాడికే చోటు. శిస్తు లెక్కలోకి రానివాళ్ళు ఆ కాగితంలోకీ రారు.

పని 1847లో మొదలైంది. ఆయన అడిగినంతమంది అధికారులను ఇవ్వలేదు, ఉన్నవాళ్ళతోనే నెట్టుకొచ్చారు. ధవళేశ్వరం కొండ రాయి, ఏజెన్సీ కలప, వేలాది కూలీలు. కొండనుంచి రాయి తేవడానికి చిన్న పట్టాల దారి వేశారు. తరువాత జీవితమంతా రైళ్ళతో పోట్లాడిన మనిషి మొదట తానే పట్టాలు పరిచారన్నమాట! నది నడుమ లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. నాలుగూ కలిపి 12,000 అడుగులకు దగ్గర. ఎండదెబ్బ తగిలి, జ్వరాలతో కాటన్ మంచాన పడి మధ్యలో దేశం విడిచి వెళ్ళవలసి వస్తే కెప్టెన్ ఓర్ పని ఆగకుండా చూశాడు. కూలీలను కూడగట్టి, కాటన్ మాటని మన భాషలోకీ మన మాటని కాటన్ చెవిలోకీ చేరవేసిన వీణెం వీరన్న గారిని కూడా మరిచిపోకూడదు. రాయ్ బహదూర్ బిరుదు ఆయనకు ఊరికే రాలేదు. 1852లో ఆనకట్ట పూర్తయింది. తరువాత మూడేళ్ళలో బెజవాడ దగ్గర కృష్ణకి కూడా ఆనకట్ట లేచింది.

దాని ఫలితం మీకు చెప్పనక్కర్లేదు. జొన్నన్నం తిన్న జిల్లా వరి పండించింది. కాలవల మీద పడవలు నడిచాయి. ఇవాళ గోదావరి డెల్టా ఆయకట్టు 10 లక్షల ఎకరాల పైమాటే.

ఇక మా కుర్రాడి ప్రశ్నకు వస్తాను. ఏటి ఒడ్డు జనాన్ని అడిగారా? నేను చదివినంతలో ఆ కాగితాలు పైకే పోయాయి, ఒక్కటీ కిందికి రాలేదు. మెట్ట రైతులను అడగలేదు, డెల్టాకీ మెట్టకీ నడుమ ఆనాడు గీసిన గీత మా తాతయ్య దాకా, ఆ తరువాతా అలాగే ఉంది. తాడిపూడి ఎత్తిపోతలలాంటివి వచ్చి ఆ గీత కాస్త చెరిగింది ఈమధ్యనే. జాలర్లను అడగలేదు. సముద్రంనుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చే పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోయింది. 1870ల్లో ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు దేశంలోని చేపల మీద ప్రభుత్వం కోసం విచారణ చేసి, ఆనకట్టలు చేపల దారిని మూసేస్తున్నాయని నివేదించాడు. అప్పటికి గోదావరి ఆనకట్ట కట్టి ఇరవై ఏళ్ళు. చేప శిస్తు కట్టదు గదా, దాని సంగతి ముందుగా తలచుకున్నదెవరు? పులసని దిగువన పట్టి అమ్ముకునేవాళ్ళకి మంచి ధర వస్తోంది, అదొక ఊరట. ఎగువ రేవుల వాళ్ళ మాటేమిటి? మా కొవ్వూరు ఎగువనే ఉంది.

ఇక్కడితో కథ ఆపేస్తే కాటన్ గెలిచిన మనిషిగానే మిగిలిపోతారు. ఆయన ఓడిపోయిన కథ ఎవరూ చెప్పరు. నాకు అదే ఎక్కువ పాఠం చెప్పింది.

ఆయన కల ఆనకట్టతో ఆగలేదు. దేశంలోని నదులన్నిటినీ కాలవలతో కలిపి, సాగునీటికీ పడవలకీ వాడుకోవాలన్నది ఆయన కోరిక. (1972లో మన కె.ఎల్.రావు గారు గంగా కావేరీ కలపాలన్నప్పుడు మళ్ళీ అందరికీ కాటనే గుర్తొచ్చారు.) ధవళేశ్వరంనుంచి ఎగువకు, మధ్య ఇండియా దాకా గోదావరి మీద పడవదారి వేయాలని పథకం వేశారు. ఈసారి ఆయనకు దొరికిన అండ మాంచెస్టరు మిల్లు యజమానులు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి 1861నుంచి పత్తి రావడం కష్టమైంది. బేరారు పత్తిని గోదావరి మీద చవగ్గా సముద్రానికి దించవచ్చునని వాళ్ళు పార్లమెంటు మీద ఒత్తిడి పెట్టారు. పత్తి కోసం కాటన్ దొర పక్కన నిలబడ్డారు, పేరు కలిసొచ్చింది అనుకోండి! దుమ్ముగూడెం దగ్గర కట్టడాలు మొదలయ్యాయి. అంతలో అమెరికా యుద్ధం ముగిసింది, 1867లో బొంబాయినుంచి రైలు నాగపూరు చేరింది. మాంచెస్టరుకి నది అక్కర లేకపోయింది. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెంలో నది మారలేదు, మారింది అండగా ఉన్నవాళ్ళ అవసరం.

రైలు కంపెనీలకు కంపెనీ ప్రభుత్వం 1849 నుంచే నూటికి ఐదు వడ్డీకి హామీ ఇచ్చింది. నష్టమొస్తే ఆ వడ్డీ మన రైతు కట్టిన పన్నులోంచి పోతుంది. లండన్‌లో వాటా కొన్నవాడికి భయం లేదు. అలాంటప్పుడు కాలవల మాట ఎవరు వింటారు? కాటన్ మాత్రం ఊరుకోలేదు. 1861లో సర్ బిరుదు వచ్చింది, ఉద్యోగ విరమణ అప్పటికే అయిపోయింది. ఇంగ్లాండులో కూర్చుని సభల్లో మాట్లాడుతూ, కరపత్రాలు వేస్తూ, రైలుకన్నా నీరు ముందని వాదిస్తూనే ఉన్నారు. ఆయనలో లోపాలు లేవని నేననను. గంగ కాలవ కట్టిన కాట్లీతో పట్టుబట్టి తగాదా పెట్టుకున్నారు. తాను సమర్థించిన తుంగభద్ర పథకం కర్నూలు, కడప కాలవగా దిగి ఆ కంపెనీకి దండగ్గా తేలింది, 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. ఆయన అంచనాలు ఆశపోతువని ప్రత్యర్థులు అన్నప్పుడు ఆ ఉదాహరణ వాళ్ళ చేతిలో ఉంది.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని ధాత కరువు ఊడ్చేసింది. రైళ్ళున్నా లక్షలమంది చచ్చారు. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం తట్టుకుని పక్క జిల్లాలకు గింజలు పంపాయి. తన మాట నిజమైందని కాటన్ అనుకుని ఉంటారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా ఆయన తరఫున కలం పట్టింది. 1878లో పార్లమెంటు సెలెక్ట్ కమిటీ వేసింది, లార్డ్ జార్జ్ హామిల్టన్ అధ్యక్షుడు. డెబ్బై అయిదేళ్ళ ముసలాయన సాక్ష్యం చెప్పడానికి వెళ్ళారు. కమిటీ ఆయన లెక్కలను ఒప్పుకోలేదు. రైళ్ళకే మొగ్గింది. 1846లో నెగ్గిన మనిషే, అప్పటికన్నా ఎక్కువ అనుభవంతో, పక్కన పండి నిలిచిన రెండు డెల్టాల సాక్ష్యంతో 1878లో ఓడిపోయారు. అప్పుడు బల్ల అవతల ఉన్నవాళ్ళకి కాలవ లాభం, ఇప్పుడు రైలు లాభం. నది గురించి తెలిసిన మాట రెండుసార్లూ ఒకటే.

చివరి రోజుల్లో డార్కింగ్‌లో తన తోటలో నేల లోతుగా తవ్వించి గోధుమ ఎక్కువ పండుతుందా అని ప్రయోగాలు చేస్తుండేవారు. 1899 జూలై 24న, తొంభై ఆరో ఏట పోయారు. మరుసటి ఏడు ఆయన కూతురు లేడీ హోప్ తండ్రి జీవితచరిత్ర అచ్చువేయించింది. మన లైబ్రరీలో దొరికితే చదవండి, కూతురు రాసిందని గుర్తుపెట్టుకుని చదవండి.

పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ 1982కి పూర్తయింది, ఆయన పేరే పెట్టారు. దానికి నాలుగేళ్ళకే, 1986 ఆగస్టులో, 35 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి వచ్చింది. నేను బడికి వెళ్ళే పిల్లవాణ్ణి. కొవ్వూరులో మగవాళ్ళంతా రాత్రిళ్ళు లాంతర్లు పట్టుకుని ఏటిగట్టు మీద కాపలా కాశారు. ఆ రాత్రి గట్టు మీద మాలో ఎవరికీ కాటన్ గుర్తు రాలేదు. గట్టు ఎంత ఎత్తు ఉండాలో నిర్ణయించినవాడు ఎవడో, వాడు ఈ నీటిని ఒక్కసారి కళ్ళారా చూశాడో లేదో అని తాతయ్య విసుక్కున్నాడు.

ఇప్పుడు కాటన్ నాటి రోజులు కావు. 1980లో ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది, పోలవరం జలాశయం మట్టం 150 అడుగులని అందులో ఉంది. 2005లో పర్యావరణ అనుమతి వచ్చింది. 2014లో చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాజెక్టు అన్నారు, ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రలో కలిపారు. ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని చట్టంలో ఉంది, దాని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు కూడా నడిచాయి. లెడెన్‌హాల్ వీధి డైరెక్టర్ల కాలంలో అడగాలన్న నియమమే లేదు, ఇప్పుడు ఉంది. ఇది చిన్న మార్పు కాదని నేను క్లాసులో అన్నాను. అడగడం వేరు, విన్నది కాగితంలో రాయడం వేరు, రాసింది పై బల్ల మీద చదవడం వేరు మాస్టారూ అని మా వాడు మర్యాదగానే అన్నాడు. మునిగిన ఊళ్ళలో కోయలు, కొండరెడ్లు ఎక్కువ. నీళ్ళు పారేది మా మెట్టకి, మా దిగువ డెల్టాకి. మా తాతయ్య పొలంలో ఇప్పుడు పైపులో నీళ్ళున్నాయి. వాడి ముందు నిలబడి కాటన్‌ని పొగడడం నాకు అంత సులువుగా లేదు. తిట్టడమూ చేతకాదు, ఆ అన్నం తిని పెరిగినవాణ్ణి.

సంక్రాంతికి ముందు క్లాసంతా కలిసి ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడ్డానికి వెళ్ళాం. నమూనాల దగ్గర మిగతావాళ్ళు ఫోటోలు దిగుతుంటే వాడు మాత్రం గోడమీది పాత పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. పటం ధవళేశ్వరంనుంచి దిగువకే ఉంది, ఎగువ లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చుని, వాళ్ళ ఊరివాళ్ళు పదిహేనేళ్ళుగా పెట్టుకున్న అర్జీల నకళ్ళు వాళ్ళ పెదనాన్న రేకుపెట్టెలో ఉన్నాయని చెప్పాడు. ఎం.ఏ.లో వ్యాసానికి అవి పనికొస్తాయా అని అడిగాడు. తేదీలు ఉన్నాయేమో చూసి, వరుస తప్పకుండా తెమ్మన్నాను. పండగ సెలవులకు వెళ్ళాడు, ఇంకా రాలేదు.